మైలుకు ముప్పై పైసలు

ఆ పొద్దున నల్లమల మీద మబ్బు పట్టింది. కురిసే మబ్బు కాదు గానీ, ఉడకబెట్టిన పసుపు కళ్ళంలో ఆరుతున్నప్పుడు ఆ మాత్రం మబ్బు కూడా ఎక్కువే. కొండల అంచున బూడిదరంగులో లేచి, ఎండను ఒకసారి మూస్తూ ఒకసారి తెరుస్తూ మైదుకూరు వైపు నెమ్మదిగా జరుగుతూ ఉంది. నేనూ, కూలికి వచ్చిన ఇద్దరూ పట్టలు చేతికందేటట్టు పెట్టుకుని తలలెత్తి నిలబడ్డాం. ఒక్క జల్లు పడితే చాలు, కొమ్ము రంగు మారిపోతుంది. రంగు మారిన కొమ్మును ఎవరూ రెండోసారి చేతికి తీసుకోరు.

అప్పుడు ఓబుళేశు కారు వచ్చి గట్టు దగ్గర ఆగింది. ఓబుళేశు మా చిన్నాయన కొడుకు, నాకంటే ఆరేండ్లు చిన్న. మైదుకూరులో పసుపు వ్యాపారం. మా చుట్టుపక్కల పండిన పసుపు కొని ఢిల్లీ, కలకత్తాల్లో పొడి మిల్లులకు పంపిస్తాడు. కారు దిగింది అతనొక్కడే కాదు. భార్య సుబ్బరత్నమ్మ కూడా దిగింది. ఆమె కళ్ళానికి రావడం నేనెప్పుడూ చూడలేదు.

అతను నేరుగా పసుపు దగ్గరికి పోయి, కుప్ప నడిమి నుంచి ఒక కొమ్ము తీసి విరిచాడు. విరిగిన చప్పుడు విని, లోపలి రంగు ఎండకు పెట్టి చూసి, ఇంకా నాలుగైదు ఎండలు కావాలన్నాడు. ఇప్పుడే అమ్మవద్దని, కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోమని చెప్పాడు. ప్రతి ఏడూ చెప్పేదే. వాళ్ళ నాయన ఒకసారి నాలుగేండ్లు పసుపు అమ్మకుండా పట్టుకుని కూర్చున్నాడు. ఊరంతా నవ్వింది. ఐదో ఏట ధర లేచింది. ఆ పసుపుతోనే మైదుకూరులో మిద్దె కట్టాడు. ఆ మిద్దెలో పెరిగినవాడికి సరుకు పట్టుకోవడమే వ్యాపారం, అమ్మడం అందులో చివరి పని.

సుబ్బరత్నమ్మ నా పక్కకు వచ్చి, కొంగు తలమీదికి లాక్కుని, మెల్లగా అంది.

"మీ తమ్మునికి నువ్వన్నా ఒక మాట చెప్పు బావా. జ్యోతి దగ్గరికి పంపించమను."

జ్యోతి అంటే ఆమె చెల్లెలు నాగజ్యోతి. మొగుడు జయకుమార్ మిలిటరీలో హవల్దారు. ఇద్దరూ గువాహటిలో క్వార్టర్సులో ఉంటారు. పెండ్లయిన పన్నెండేండ్లలో రెండు కడుపులు పోయాయి. ఇప్పుడు మూడోది నిలిచింది, ఏడో నెల. ప్రయాణం చేయకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందంట. పుట్టింటికి రావడానికి లేదు, వచ్చినా పుట్టింట్లో ఎవరున్నారు? తల్లి పోయి చాలా కాలమైంది. అక్క తప్ప ఎవరూ లేరు. మా వైపు ఆచారం ఏమిటంటే, కడుపుతో ఉన్న ఆడబిడ్డకు పుట్టింటి నుంచి ఒకరు పోయి గాజులు తొడిగి, ఒడి నింపి రావాలి. అది ఏడో నెలలో జరగాలి, లేకపోతే తొమ్మిదిలో. ఎనిమిదిలో చేయరు. ఎనిమిదో నెల మంచిది కాదంటారు.

"టికెట్టుకు దుడ్లు లేవా?" అన్నాను.

"దుడ్లుండాయి. మైళ్లుండాయి. రెండూ ఉండాయి బావా, అదే వచ్చిన చిక్కు."

మైళ్ల సంగతి మాకందరికీ తెలుసు. ఓబుళేశు ఏడాదికి ఎన్నోసార్లు హైదరాబాదు నుంచో చెన్నై నుంచో విమానం ఎక్కుతాడు. ఎక్కినప్పుడల్లా కంపెనీవాళ్ళు అతని పేరున కొన్ని మైళ్లు వేస్తారు. వాటితో తర్వాత ఊరికే టికెట్టు తీసుకోవచ్చు. పదేండ్లుగా అవి దాదాపు అన్నీ అట్లే పడి ఉన్నాయి. ఎవరింట్లో పెండ్లికి పోయినా విమానం మాట వస్తే, ఆ మైళ్లన్నీ సుబ్బరత్నకే అంటాడు. ఆమె ఇంతవరకు విమానం ఎక్కలేదు.

మబ్బు కళ్ళం దాటి పోయింది. పట్టలు మడిచి పక్కన పెట్టించాను. వాళ్ళు అటునుంచి కడపకు పోతున్నారు. నాకు గోనెసంచులు కావాలి కాబట్టి నేనూ కారు ఎక్కాను.

కడపలో ఏడు రోడ్ల దగ్గర టికెట్ల ఆఫీసు. అందులో సాహితి అని ఒక అమ్మాయి కూర్చుంటుంది. ఓబుళేశు టికెట్లన్నీ ఆమే తీస్తుంది. కంప్యూటరు మా వైపు తిప్పి, ఆ వారంలో హైదరాబాదు నుంచి గువాహటికి మైళ్లతో సీటు ఉందని చూపించింది. సుబ్బరత్నమ్మ ఆ తెర వైపు ఒకసారి చూసి, తర్వాత మొగుని మొహం చూస్తూ కూర్చుంది.

ఓబుళేశు లెక్క అడిగాడు. సాహితి చెప్పింది. అదే టికెట్టు డబ్బుతో కొంటే ఎంతవుతుందో చూడాలి. మైళ్లతో తీసుకున్నా పన్నులు చేతి నుంచి కట్టాల్సిందే కాబట్టి అవి అందులో తీసేయాలి. మిగిలినదాన్ని వాళ్ళు అడిగే మైళ్లతో భాగిస్తే ఒక్క మైలు ఎంతకు పోతోందో తేలుతుంది. ఓబుళేశుకు ఇది రెండోసారి చెప్పే పని లేకపోయింది. పచ్చి పసుపు తూకంలో తరుగు తీసి ఎండు పసుపు ధర కట్టేది కూడా ఇట్లాంటి లెక్కే. కాగితం లేకుండానే కట్టేశాడు.

"మైలుకు ముప్పై పైసలు," అన్నాడు.

పోయిన ఏడాది ఢిల్లీ పోవాల్సి వచ్చి, ముందురోజు టికెట్టు ధర మండిపోతుంటే మైళ్లతో పోయాడు. అప్పుడు మైలుకు డెబ్బై పైసలు పడింది. ఆ డెబ్బై అతని తలలో అట్లే నిలబడిపోయింది. ఇప్పుడు టికెట్లు చౌకగా ఉన్నాయి కాబట్టి మైళ్లు కూడా చౌకగా పోతాయని, ఎండాకాలం సెలవుల్లో టికెట్లు లేస్తాయని, అప్పుడు తీస్తే అవే మైళ్లకు రెండింతల విలువ వస్తుందని మాకు విడమరిచి చెప్పాడు. చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. సాహితి కూడా అవునంది. అయితే మైళ్లతో ఇచ్చే సీట్లు కొన్నే ఉంటాయని, రేట్లు కంపెనీ ఎప్పుడైనా మార్చుకోవచ్చని ఒక మాట కలిపింది. అతను నవ్వాడు. పసుపు ధర కూడా వాళ్ళూ వీళ్ళూ మార్చేదే కదమ్మా అన్నాడు.

అంతవరకు మాట్లాడని సుబ్బరత్నమ్మ అప్పుడు నోరు తెరిచింది.

"టికెట్లు అగ్గవగా ఉండాయంటాండావు కదా. అగ్గవగా ఉండేటప్పుడు దుడ్లు పెట్టే కొను. నీ మైళ్లు నీ దగ్గరే ఉంటాయి."

"గోడౌన్లో సరుకు పెట్టుకోని అంగట్లో పసుపు కొంటారా ఎవురన్నా?"

"కొనరు," అంది ఆమె. "దానికి ఏడో నెల ఇంక పది దినాలే ఉండాది."

"ఏడు పోతే తొమ్మిది లేదా? తొమ్మిదిలో పోతే ఒడి నింపేదీ అవుతాది, కాన్పు దాకా ఉండేదీ అవుతాది. ఇప్పుడు పోతే మళ్లా వచ్చి మళ్లా పోవల్ల. రెండు తూర్లు టికెట్టు. నువ్వే ఆలోచన చెయ్."

సాహితి కంప్యూటరు తన వైపు తిప్పుకుంది. నేను ఉండబట్టలేక, "పంపించరాదా ఓబుళేశూ," అన్నాను. "నువ్వూ అంటివా అన్నా," అన్నాడు. కోపంగా కాదు. తెలిసినవాడు తెలియనివాడి మీద జాలి పడినట్టు అన్నాడు. అతని లెక్కలో తొమ్మిదో నెల గట్టిగా ఉంది. ఆచారమే ఇచ్చిన గడువు అది. మా వాళ్ళెవరైనా ఆ గడువును నమ్ముతారు.

గోనెసంచులు తీసుకుని తిరిగి వచ్చేశాం. దారంతా ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

పసుపు ఆరింది. డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పెట్టించే పనిలో నాకు రెండు వారాలు గడిచిపోయాయి. ఆ మధ్యలో రెండుసార్లు ఓబుళేశు ఇంటికి పోయాను. మంచం కింద ఒక సంచీ ఉంది. అందులో ఆకుపచ్చ గాజులు, రవికె గుడ్డ, ఎండు కొబ్బరి గిన్నెలు, ఒడి బియ్యం. బియ్యం మూట విప్పి ఆమె పురుగు పట్టిందేమో చూసుకుంటూ ఉండింది. పక్కన పాత మెత్తటి చీరలు చింపి మడిచిన గుడ్డలు. పోవడానికి ఇంకా నెల దాకా ఉందని తెలిసి కూడా అన్నీ సర్ది పెట్టుకుంది.

సాయంత్రం పూట చెల్లెలు వీడియోలో మాట్లాడేది. ఒకరోజు నేనూ ఉన్నాను. నాగజ్యోతి మనిషి ఉబ్బి ఉంది, కండ్ల కింద నలుపు. అయినా నవ్వుతూనే బావను పిలిచింది.

"ఏం బావా, మా అక్కకు టికెట్టు కొంటాండావా, విమానమే కొంటాండావా? ఇన్ని దినాలు బేరమాడితే విమానమే వచ్చింటాది."

"తొమ్మిదో నెల పడనీ. మీ అక్కను నీ వాకిట్లో దించుతా."

"నా వాకిట్లో రన్‌వే లేదు బావా. ఆటోలోనే రమ్మను."

అందరూ నవ్వారు. తర్వాత ఆమె, ఫోను తీసుకుని ఒక్కదానివే లోపలికి పొమ్మని అక్కకు చెప్పింది. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. సుబ్బరత్నమ్మ బయటికి వచ్చినప్పుడు మొహం కడుక్కుని వచ్చింది. పక్క క్వార్టర్సులో ఉండే బెంగాలీ ఆమె రోజూ వచ్చి జ్యోతి దగ్గర కూర్చుంటోందని, మంచి మనిషని నాకు చెప్పింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సరిగా రాదంట. అయినా కూర్చుంటుందంట.

ఏడో నెల వెళ్ళిపోయింది.

ఎనిమిది నడుస్తుండగా ఓబుళేశు ఒకరోజు గోడౌన్లో హుషారుగా కనిపించాడు. టికెట్లు లేస్తున్నాయని, అప్పుడే మైలుకు యాభై దాటిందని చెప్పాడు. ఇంక ఇరవై పైసలు. నేను తల ఊపాను. ఆమెకు చెప్పావా అని అడగలేదు. అడిగినా చెప్పాననే అంటాడు.

ఆ వారంలోనే సాహితి ఫోను చేసింది. కంపెనీ పట్టిక మార్చిందంట. ఆ సీటుకే ఇప్పుడు ఎక్కువ మైళ్లు అడుగుతోంది. పైగా తొమ్మిదో నెల తేదీల్లో మైళ్లతో సీట్లు కనిపించడం లేదు, ఎప్పుడు తెరుస్తారో తెలియదు. అతను ఫోను పెట్టేసి చాలాసేపు బస్తాల మీద కూర్చున్నాడు. యాభై అయినది మళ్లీ ముప్పైకి వచ్చింది, ఆ ముప్పైకి కూడా సీటు లేదు. పదేండ్ల సరుకు ఒక్క రాత్రిలో సగమయ్యిందన్నాడు. ఎవరినీ తిట్టలేదు.

"దిగింది ఎక్కుతాది లేన్నా. నాయన చూడలేదా," అన్నాడు.

పసుపు అయితే పట్టుకున్నవాడి చేతిలో ఉంటుంది. విరిచి చూడొచ్చు, వాసన చూడొచ్చు. ధర లేకపోతే కూరలోకైనా వస్తుంది.  

మరో వారానికి మెరుగు పెట్టిన పసుపు ట్రాక్టరులో వేసుకుని అతని గోడౌనుకు పోయాను. గోడౌను మిద్దె కిందనే. ఉదయం ఎనిమిది గంటలప్పుడు కాటా మీద బస్తాలు తూస్తున్నాం. పైన ఫోను మోగింది. కాసేపటికి సుబ్బరత్నమ్మ మెట్లు దిగి వచ్చింది. చేతులకు పిండి ఉంది. కాటా పక్కన నిలబడి, మేం తూస్తున్న బస్తా దించేదాకా ఆగింది.

"జ్యోతికి రాత్రి కాన్పయ్యింది. ఆడబిడ్డ."

ఓబుళేశు చేతిలో కొక్కెం అట్లే ఉండిపోయింది. ఎనిమిదో నెలలోనా అన్నాడు. ఆమె అవునంది. నొప్పులు ముందుగానే వచ్చాయంట, జయకుమార్ డ్యూటీలో ఉన్నాడంట, బెంగాలీ ఆమే ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకుపోయిందంట. బిడ్డ కిలోన్నర కూడా లేదు, అద్దాల పెట్టెలో పెట్టారు. తల్లికి రక్తం చాలా పోయింది, ఎక్కిస్తున్నారు. ఇద్దరూ ఉన్నారు. ఇదంతా ఆమె ఎవరో పక్క ఊరి సంగతి చెప్పినట్టు ఒకే గొంతుతో చెప్పింది.

"మాట్లాడినావా జ్యోతితో?" అన్నాడు.

"మాట్లాడినా. నీరసంగా ఉండాది. పోయిన వారమే ఆ బెంగాలీ ఆమె గాజులు తొడిగి పాయసం తినిపించిందంట. నేను బాధపడతానని చెప్పలేదంట." చేతుల పిండి కొంగుకు తుడుచుకుంది. "తొందరపడాకు అక్కా అనింది. నాకు తోడు మనిషి ఉండాది అనింది."

మెట్లెక్కి పైకి పోయింది. పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వస్తూ ఉండింది, అది ఆగిపోయింది.

ఓబుళేశు కొక్కెం గోడకు తగిలించి, తూసిన బస్తాల లెక్క రాయకుండానే కారు తాళాలు తీసుకున్నాడు. నేనూ వెంట పోయాను.  కడప దారిలో ఆళ్ళగడ్డ వైపు పోయే లారీలు ఎదురుపడినప్పుడు కూడా దారి ఇవ్వడమే తప్ప తిట్టలేదు. అది అతని స్వభావం కాదు.

సాహితి అప్పుడే ఆఫీసు తెరిచి ఊడుస్తూ ఉంది. అతన్ని చూడగానే చీపురు పక్కన పెట్టి, మైళ్లతో అయితే ఇంకో పక్షం దాకా సీటు లేదంకుల్, నేను రోజూ చూస్తానే ఉన్నాను అంది.

"మైళ్ల మాట అడగలేదమ్మా. మనిషి పోవల్ల. ఎప్పుడుండాది?"

రేపు పొద్దునకు ఒక్క సీటు ఉందని, కలకత్తాలో మారాలని, వారమంతా టికెట్లు మండిపోతున్నాయని చెప్పి ధర చెప్పింది. నెల కిందట చూసినదానికి మూడింతలు. గోనెసంచికి అర్ధ రూపాయి కోసం అంగడి మెట్లు దిగి మళ్లీ ఎక్కే మనిషి, ఆ ధర రెండోసారి అడగలేదు. కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. మొదటిసారి ఎక్కుతోంది, కలకత్తాలో ఎవరైనా చెయ్యి పట్టి దారి చూపించేటట్టు ఏర్పాటు ఉంటుందా అని అడిగాడు. ఉంటుందని, రాయిస్తానని సాహితి చెప్పింది. బిడ్డ పెట్టెలో ఎన్ని దినాలు ఉంటుందో ఆమెకు తెలుస్తుందేమో అన్నట్టు ఇంకేదో అడగబోయి మానుకున్నాడు.

కాగితం అచ్చయ్యి వచ్చింది. దాన్ని ఇస్తూ ఆ అమ్మాయి, అలవాటు ప్రకారం, ఆంటీ పేరుతో కూడా ఖాతా తెరిస్తే డబ్బు పెట్టి కొన్న టికెట్టుకు ఆమెకూ మైళ్లు పడతాయంకుల్ అంది. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వద్దులేమ్మా," అన్నాడు.

మేము తిరిగి వచ్చేసరికి పన్నెండు దాటింది. సుబ్బరత్నమ్మ మంచం కింది సంచీ పైకి తీసి పరుపు మీద విప్పి ఉంచింది. గాజుల డబ్బా, ఒడి బియ్యం మూట ఒక పక్కకు పెట్టి, చింపిన చీర గుడ్డలు మాత్రం మళ్లీ సంచీలో సర్దుతూ ఉంది. ఓబుళేశు కాగితం ఆమె పక్కన పెట్టాడు. ఆమె తీసి చూసింది. చదవడం వచ్చు గానీ అందులో ఏది ఎక్కడుందో దొరకలేదు.

"ఎప్పుడు?"

"రేపు పొద్దున. ఈ రాత్రికే హైదరాబాదు పోవల్ల. నేను వస్తా దించేదానికి."

"ఎంత పడింది?"

అతను చెప్పాడు. ఆమె ఎక్కువనీ అనలేదు, తక్కువనీ అనలేదు. కాగితాన్ని గుడ్డల మధ్యన పెట్టి సంచీ జిప్పు లాగింది.

"ఇప్పుడు పోయి నేను చేసేది ఏముండాది," అంది. మమ్మల్ని అడిగినట్టు లేదు. "పెట్టె బయట కూచోవల్ల. ఆ బెంగాలీ ఆమెకు రోంత నిద్రన్నా దొరుకుతాది."

ఓబుళేశు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.  ఆమె అతని పక్కనుంచే వంటింట్లోకి పోయింది. గరిటె చప్పుడు వినిపించింది.

"చేతులు కడుక్కోండి," అంది లోపలి నుంచి.

నడవాలో ముగ్గురికీ పళ్ళేలు వేసింది. మామూలుగా మగవాళ్ళం తిన్న తర్వాత తినే మనిషి, ఆ పొద్దు మాతోనే కూర్చుంది. రాత్రికి ప్రయాణం కదా. సంగటి ముద్దలు వేడిగా ఉన్నాయి. అలసంద పులుసు, చెనిక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి. పులుసులో ఉప్పు పడలేదు. ఎవరమూ అడగలేదు. ఓబుళేశు ముద్ద తుంచి పులుసులో అద్దుకుని, నమలకుండా మింగుతూ తల వంచుకుని తిన్నాడు. సుబ్బరత్నమ్మ అతని పళ్ళెంలో ఊరుబిండి అయిపోవడం చూసి ఇంకొంచెం వేసింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. కింద గోడౌన్లో కూలీలు మిగిలిన బస్తాలు దించుతున్నారు. ముగ్గురం తింటూ ఉన్నాం.